చుక్క మాయమయ్యే దూరం

చెల్లెలి కుడి కన్ను పోయింది ఒక శుక్రవారం, పగలు పదకొండున్నరకి. బట్టల కొట్టు ముందు నిచ్చెనెక్కి బోర్డు రాస్తోంది, నీలం మీద పసుపు అక్షరాలు. నాలుగో అక్షరం రాస్తుండగా దాని నడుము వంగిందట. చెయ్యి వణికిందేమో అనుకుని తుడిచి మళ్లీ రాసిందట, మళ్లీ వంగింది, ఆ తరువాత అక్షరం లేదు, ఆ వైపు బోర్డే లేదు. కుంచెను డబ్బాలో నిలబెట్టి, నిచ్చెన మెట్లు ఒక్కొక్కటీ కాలితో వెతుక్కుంటూ దిగి, కొట్టాయనతో కాస్త కళ్లు తిరుగుతున్నాయి రేపొస్తాను అని చెప్పి, రెండు వీధులు దాటి మా బడికి నడిచి వచ్చింది. నేను తొమ్మిదో తరగతిలో వేరు అడ్డుకోత బొమ్మ గీస్తున్నాను. కిటికీ ఊచలు పట్టుకుని, "అన్నయ్యా, కుడి పక్క లైటు ఎవరో తీసేసినట్టుంది," అంది. పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నా చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని జేబులో వేసుకునే ఆసుపత్రికి వెళ్లానని ఇంటికొచ్చి చొక్కా విప్పినప్పుడు గాని తెలియలేదు.

అది ఎనిమిది నెలల కిందటి మాట. ఇవాళ బుధవారం, మధ్యాహ్నం మూడు కావస్తోంది, అదే ఆసుపత్రి, రెండో అంతస్తు, గోడవారగా అదే ఇనుప బల్ల. మూడు నెలలకొకసారి చూపించుకోమన్నారు కనక వచ్చాం. ఎడమ కన్నులో మందు వేశారు, పది నిమిషాలకొకసారి చొప్పున నాలుగుసార్లు వేస్తారు, కంటిపాప పూర్తిగా విచ్చుకోవాలి, అప్పుడు లోపల గోడలు కనబడతాయి. రెండుసార్లు అయింది. ఎడమ కన్నును నర్సు "మంచి కన్ను" అంటుంది, డాక్టరమ్మా అంటుంది, చెల్లెలూ అంటుంది. నేను ఎడమ కన్ను అనే అంటాను. చెల్లెలు తల వెనక్కి ఆన్చి కూర్చుంది, చెంప మీద మందు కారిన తడి, గోళ్ల సందుల్లో పసుపు రంగు, సబ్బుతో ఎంత రుద్దినా పోని రంగు. ఆమె కంట్లోకి చూస్తే పాప చుట్టూ ఉండే గోధుమరంగు వలయం సన్నబడుతూ ఉంది. అందులో రెండు రకాల కండరాలు, గుండ్రంగా చుట్టుకున్నవి పాపను ముడుస్తాయి, చక్రం ఆకుల్లా నిలబడ్డవి తెరుస్తాయి, మందు గుండ్రటివాటిని నిద్రపుచ్చుతుంది, అంతే, తలుపు తెరిచే ఉండిపోతుంది, ఎంత వెలుతురొచ్చినా మూయడానికి మనిషి ఉండడు. ఇరవై ఆరేళ్లుగా ఈ మాటలే చెబుతున్నాను. ఆమె పుట్టినప్పుడు నాకు పన్నెండేళ్లు. ఉయ్యాల పక్కన కూర్చుని టార్చిలైటు ఆమె కంటి దగ్గరకు తెచ్చేవాణ్ణి, పాప చిన్నదయ్యేది, తీసేసేవాణ్ణి, పెద్దదయ్యేది, మళ్లీ తెచ్చేవాణ్ణి, ప్రపంచంలో అంత మాట వినే వస్తువు నేను చూడలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నెత్తిన ఒక్కటిచ్చింది. "పసిదాని కళ్లల్లో ఆ లైటేంట్రా? నువ్వు దానికి అన్నవా, పోలీసువా?"

పోలీసును కాలేదు, మాస్టారునయ్యాను, ఆమె నా తరగతిలోకే వచ్చింది. ఇంట్లో అన్నయ్యా, బడిలో సార్ అని ఒప్పందం. కంటి పాఠం రోజు సందేహం వచ్చి చెయ్యెత్తి, "అన్నయ్యా, బొమ్మ లోపల తలకిందులుగా పడితే మనం నేల మీద నడుస్తున్నామా, ఆకాశం మీదా?" అని అరిచింది. తరగతి తరగతంతా గొల్లుమంది. ఆనాటి నుంచి బడిలో నేను అన్నయ్య మాస్టారునే, హెడ్మాస్టరు కూడా చాటుగా అలాగే అంటాడు. ఆ రోజు ఏం చెప్పానో గుర్తుంది. కన్ను తీసుకునేది తలకిందుల బొమ్మే, మెదడు దాన్ని సరిచేసుకుంటుంది, పైది కింద, కిందది పైన, కుడిది ఎడమ, ఎడమది కుడి, ఇది మాత్రం పరీక్షలో తప్పు రాయకండి అన్నాను. ఏటా సగం మంది తప్పే రాస్తారు. ఏటా అర మార్కు తీసేస్తాను.

కటకం, నేత్రోదకం, కాచద్రవం, మూడు పొరలు. పై పొర తెల్లది, గట్టిది. మధ్య పొర రక్తం మోసేది. లోపలి పొర నేత్రపటలం, చూసేది అదే. ఏటా మాంసం కొట్టు నుంచి మేక కన్ను తెచ్చి ట్రేలో పెట్టి కోసి చూపిస్తాను. ముందుగా నీళ్లు చిమ్ముతాయి, ముందు వరుస వెనక్కి జరుగుతుంది. తరువాత జెల్లీ జారుతుంది. అప్పుడు పట్టకారుతో లోపలి పొరను కొద్దిగా తాకుతాను, అది నానిన సిగరెట్ కాగితంలా ముడతపడి లేచి వస్తుంది, వెనకాల నరం దగ్గర ఒక్కచోటే అంటుకుని వేలాడుతుంది. "చూశారా, ఎంత తేలిగ్గా ఊడి వస్తుందో! దీనికి జిగురు లేదు, మేకు లేదు, లోపలి ద్రవం ఒత్తి పట్టుకుంటే గోడకు ఆనుకుని ఉంటుంది, ఎక్కడైనా చిన్న చిరుగు పడితే ద్రవం దాని వెనక్కి దూరి మొత్తం పొరను ఊడదీస్తుంది." ఇరవై ఆరు మేక కళ్లు. ఇరవై ఆరుసార్లు నా చేత్తో ఊడదీశాను. వెనక బెంచీలో ఒకమ్మాయి ఛీ అంటుంది, ఇంకొకడు సార్ సార్ నేను తాకుతా అంటాడు. ఆ ప్రయోగాల గది గోడ మీద కంటి బొమ్మ చెల్లెలు వేసిందే, నిలువెత్తు, ఎర్రనరాలు సన్న కుంచెతో. అంధచుక్క, అంటే నరం బయటికి వెళ్లే, ఏమీ కనబడని చోటు, ఎక్కడ పెట్టాలి, ముక్కు వైపా చెవి వైపా అని నిచ్చెన మీద నుంచి అడిగింది. లోపల చూస్తే ముక్కు వైపు, కాని బయట మనకు కనబడకుండా పోయేది చెవి వైపున, అంతా తలకిందులే కదా అన్నాను. "నీ కన్ను కన్నులా లేదన్నయ్యా, ఆఫీసులా ఉంది, ఏ కాగితం ఎవరి దగ్గరుందో తెలీదు," అంది.

నర్సు మూడోసారి వచ్చింది. "పైకి చూడండమ్మా. అబ్బో, ఇంకా సగమే. మీ కన్ను మహా మొండిది." చెల్లెలు, "మా ఇంట్లో అందరం అంతే," అంది. ఎదురు బల్ల మీద శుక్లాల ముసలాయన నవ్వి, మా ఆవిడ మొహం సరిగ్గా చూసి ఆరేళ్లయింది, రేపు ఆపరేషనయ్యాక ఏం చూడాల్సొస్తుందో అన్నాడు. పక్కనే కూర్చున్న ఆవిడ, "నా సంగతి సరే, ముందు అద్దంలో చూసుకోండి, అప్పుడు తెలుస్తుంది ఆరేళ్లు ఎవరు ఓర్చుకున్నారో," అంది. బల్ల బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుండగా ఆ సోమవారం వచ్చి పక్కన కూర్చుంది, ఎప్పుడూ అది నవ్వు మధ్యలోనే వస్తుంది.

కన్ను పోయిన శుక్రవారానికి ముందు సోమవారం, సాయంత్రం నేను జవాబు పత్రాలు దిద్దుతున్నాను. కంటి పాఠమే. చెల్లెలు పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, రెండు గ్లాసుల టీ తెచ్చి బల్ల మీద పెట్టి, "అన్నయ్యా, కుడి కంట్లో ఈ మూల, కింద, ముక్కు వైపున, నల్లగా ఏదో ఉంది, ఎటు చూస్తే అటొస్తోంది. పొద్దున మెరుపులు కూడా వచ్చాయి," అంది. ఈ మాటల్లో ప్రతి ఒక్కటీ నాకు గుర్తుంది, కింద అన్న మాట, ముక్కు వైపు అన్న మాట. కింద కనబడకపోతే చెడింది పైన. ముక్కు వైపు కనబడకపోతే చెడింది చెవి వైపు. చిరుగు అక్కడే ఉందని తరువాత డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. కాని నేను ఆ సాయంత్రం ఎర్ర పెన్ను పట్టుకుని ముక్కు వైపు అన్న మాట విని, ముక్కు వైపు ఉండేది అంధచుక్కే కదా అనుకున్నాను. గోడ మీది బొమ్మ గుర్తొచ్చింది, ఎదురుగా ఉన్న మనిషి గుర్తు రాలేదు. తిప్పి చదవాలని పిల్లలకు చెప్పేవాణ్ణి తిప్పి చదవలేదు. "అది అంధచుక్కే. అందరికీ ఉంటుంది, రంగులతో ఎండలో పనిచేస్తావు కదా, ఇవాళ గమనించావు, అంతే," అన్నాను. అని ఊరుకుంటే ఆమె బహుశా మర్నాడు మళ్లీ అడిగేది. ఊరుకోలేదు. పాత యూనిట్ టెస్టు కాగితం ఒకటి వెనక్కి తిప్పి, ఎడమ పక్క ఒక గుణకారం గుర్తు, కుడి పక్క బెత్తెడు దూరంలో ఒక లావుపాటి చుక్క గీశాను. ఎడమ కన్ను మూసుకో, గుర్తునే చూడు, కాగితం నెమ్మదిగా దగ్గరికి తెచ్చుకో. అడుగు దూరంలో ఆమె "అయ్యో, చుక్క పోయింది!" అంది, తొమ్మిదో తరగతి పిల్లలా. "పోయింది కదా? పోతే కన్ను బాగున్నట్టే," అన్నాను. ఆ పరీక్ష చెప్పేది కన్ను బాగుందని కాదు. కంటికి నరం ఉందని చెబుతుంది, అంతే. ఆమె ఆ కాగితం తీసుకుని మడిచి దాచుకుంది. నేను మిగతా పత్రాలు దిద్దాను. కుడి ఎడమలు తప్పు రాసినవాళ్లకు అర మార్కు తీసేశాను.

మంగళ, బుధ, గురు. ద్రవం పొర వెనకాల దూరుతూనే ఉంది, ఆమె నిచ్చెనెక్కుతూనే ఉంది, నేను బడికి పోతూనే ఉన్నాను. శుక్రవారం పదకొండున్నరకి పొర నడిమధ్య పచ్చచుక్క దాకా ఊడింది, సూటిగా చూసేది, అక్షరం చదివేది ఆ ఆవగింజంత చోటే. ఆపరేషనయ్యాక డాక్టరమ్మ నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. "మీరు సైన్సు మాస్టారు కదా, మీకు చెప్పక్కర్లేదు. సోమవారమే వచ్చి ఉంటే పచ్చచుక్క ఇంకా అంటుకునే ఉండేది. ఆవిడకు నేనేం చెప్పలేదు. మీరు నెమ్మదిగా చెప్పండి." నెమ్మదిగా అన్నది ఆవిడ వాడిన మాట. ఎనిమిది నెలలు.

చెప్పబోయాను. మొదటిసారి ఆమె టీ పోయడం మళ్లీ నేర్చుకుంటున్న రోజుల్లో. ఒక కన్నుతో దూరం తెలియదు, గ్లాసు అంచు దగ్గరున్నట్టే ఉంటుంది, ధార బయట పడుతుంది. చూపుడు వేలు అంచుకు తగిలించి దాని పక్కన పోయాలని తనకు తనే కనిపెట్టింది. వేలు కాలింది. నోట్లో పెట్టుకుని, "గురి చూసేవాళ్లంతా ఒక కన్ను మూసుకునే కదన్నయ్యా చూస్తారు, నాకు ఆ శ్రమ తప్పింది," అంది. నేను గ్లాసు తీసుకున్నాను. రెండోసారి ఆమె తిరిగి పనికి వెళ్లిన రోజు, గోడకు చిటికెన వేలు ఆనించి, అది తగిలాక కుంచె దించుతూ రాస్తోంది, కింద నిలబడి చూశాను, అక్షరాలు మునుపటికంటే నిటారుగా ఉన్నాయి. ఇంటికొచ్చాక చెబుదామనుకున్నాను. ఇంటికి పక్కింటావిడ వచ్చి కూర్చుంది, అంత పాడయ్యేదాకా ఎలా ఊరుకున్నారమ్మా అని అడిగింది. చెల్లెలు నా కంటే ముందు అందుకుంది. "ఊరుకోలేదండీ. మా అన్నయ్య సోమవారమే పరీక్ష చేశాడు, అప్పటికి బాగానే ఉంది. ఆ తరువాత పోయింది. మన చేతిలో ఏముంది?" గొంతులో గర్వం. నేను గదిలోకి వెళ్లి పుస్తకాలు సర్దాను. అంధచుక్క దగ్గర చూసే కణాలు ఉండవు, అయినా మనకు అక్కడ నల్లటి కన్నం కనబడదు, మెదడు చుట్టుపక్కల రంగు తెచ్చి పూసేస్తుంది. గోడ తెల్లదైతే తెలుపు, ఆకాశమైతే నీలం. వాక్యాలు తయారు చేసుకుంటాను. నాదే పొరపాటు. ఇది మెత్తగా ఉంది, కొట్టేశాను. ఆ పరీక్ష ఆ జబ్బుకు కాదు. ఇది పాఠంలా ఉంది. నీ కన్ను నేను పోగొట్టాను. దీనికి ఏ మాటా కలపక్కర్లేదు, ఏ మాటా తీసేయక్కర్లేదు, కాని నోట్లోకి రాదు.

"అన్నయ్యా," చెల్లెలు తల వెనక్కి వాల్చే అంది, "ఈ మందుకు మెరుపులు ఎక్కువవుతాయా?"

"ఏం మెరుపులు?"

"అదే, పక్కన. ఎవరో ఫోటో తీసినట్టు. చిన్న చిన్న దోమలు కూడా."

"ఈ కంట్లోనా?"

"ఇంకే కంట్లో? ఆ కన్ను ఎప్పుడో దుకాణం కట్టేసిందిగా."

"ఎప్పటినుంచి?"

"ఆదివారం నుంచి."

ఆది, సోమ, మంగళ, బుధ. వేళ్లు నాకు తెలియకుండానే లెక్కపెట్టాయి. మరి నాకు చెప్పలేదేం అన్నాను. ఆమె నవ్వి, సంచిలో చెయ్యి పెట్టి వెతికి, నాలుగు మడతల కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి ఉంది. ఎర్ర గుర్తు, ఎర్ర చుక్క. "చెప్పడానికేముందీ? రోజూ పొద్దున్నే చూసుకుంటున్నానుగా. ఎడమ కంటికి కాగితం తిప్పి పట్టుకోవాలి, చుక్క అటు వైపు రావాలి, నువ్వే పాఠంలో చెప్పావు. ఇవాళ కూడా చూశాను. అడుగు దూరంలో శుభ్రంగా మాయమైంది. ఇప్పుడు రెండో కన్ను మూసుకునే పని కూడా లేదు." ఆమె ఎనిమిది నెలలుగా రోజూ చూసుకుంటోంది. నేను పేపరు చదువుకుంటూ టీ కోసం ఎదురుచూసే వేళకు, వంటింటి కిటికీ వెలుతురులో నిలబడి, నా కాగితం తిప్పి పట్టుకుని, బాగుందనుకుని, ఆ తరువాత నాకు టీ తెస్తోంది.

లేచాను. నర్సు బల్ల దగ్గరికి ఎలా వెళ్లానో తెలియదు. ఆదివారం నుంచి మెరుపులంటోంది, దోమలంటోంది, ముందు లోపలికి తీసుకెళ్లండి. నర్సు గబగబా వచ్చి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "ఆదివారం నుంచా? ఒకసారి తెలిసిన జబ్బే కదండీ, నాలుగు రోజులు ఏం చేస్తున్నారు?" "ఊరికే కూర్చోలేదమ్మా, రోజూ పరీక్ష చేసుకుంటూనే ఉన్నాను, మా అన్నయ్య నేర్పిన పరీక్ష," అంది చెల్లెలు. "ఏం పరీక్షండీ?" అంటూ నర్సు నా వైపు చూసింది. చెల్లెలూ నా వైపే తిరిగింది, పాప ఇప్పుడు పూర్తిగా విచ్చుకుంది, గోధుమరంగు వలయం దారమంత కూడా లేదు, ఆ కంట్లోకి నేను ఎంత వెలుతురు పట్టుకున్నా అది ఇక ముడుచుకోదు. ఇక్కడ ఒక వాక్యం పట్టేంత చోటు ఉంది. "ఆ మాటలన్నీ తరువాత, ముందు లోపలికి," అన్నాను, తరగతిలో అల్లరి ఆపే గొంతుతో. చెల్లెలు కాగితం నా చేతిలో పెట్టబోయింది. ఆమె చెయ్యి ఒక అంగుళం ఇవతలే ఆగింది, నేనే అందుకున్నాను. తలుపు మూసుకుంది.

కాగితం వెనకవైపు ఎవరో పిల్లవాడి జవాబు ఉంది. అంధచుక్క దగ్గర మనకు ఏమీ కనిపించదు, కాని కనిపించడం లేదన్న సంగతి మనకు తెలియదు. పక్కన నా ఎర్ర టిక్కు, పూర్తి మార్కులు. ఎదురు బల్ల ముసలావిడ, ఏం ఫర్వాలేదు బాబూ, మీ చెల్లెలు ధైర్యస్థురాలు అంది. అవునన్నాను. లోపల దీపం ఆర్పారు, తలుపు సందులో చీకటి, తరువాత ఒక తెల్లటి వెలుగు అటూ ఇటూ కదిలింది, డాక్టరమ్మ పైకి చూడండి, కిందికి, ముక్కు వైపు, చెవి వైపు అంటోంది. ఒక్కో మాటకూ లోపల ఏ గోడ కనబడుతుందో నాకు తెలుసు. చెవి వైపు అన్నాక వెలుగు అక్కడే ఆగిపోయింది. కాగితం పైకెత్తి ఒక కన్ను మూసుకుని గుర్తును చూశాను. అడుగు దూరంలో చుక్క పోయింది. అక్కడ తెల్లకాగితం ఉంది, ఏ మచ్చా లేకుండా.

నర్సు బయటికి వచ్చింది. ఈ కంట్లోనూ చిరుగుంది, పొర లేవడం మొదలైంది, నడిమధ్య దాకా వచ్చిందో లేదో ఇంకో పరీక్ష చేస్తే తెలుస్తుంది, ఇవాళే ఆపరేషన్, ఈ ఫారం నింపండి. లోపలి నుంచి చెల్లెలి గొంతు. "అన్నయ్యా, ఆ కాగితం జాగ్రత్త. మడతల దగ్గర చిరుగుతోంది, మళ్లీ టేపు అంటించాలి." సరేనన్నాను. ఫారంలో రోగి పేరు రాశాను, వయసు రాశాను, వృత్తి దగ్గర బోర్డులు రాయడం అని రాశాను, సంబంధం దగ్గర అన్న అని రాశాను. లక్షణాలు మొదలైన రోజు, ఆదివారం. దాని కింద ఇంకో గడి, ఆలస్యమైతే కారణం. దాన్ని వదిలి సంతకం పెట్టాను. నర్సు చూసి, ఇది కూడా రాయండి మాస్టారూ, ఆవిణ్ణి పైకి తీసుకెళ్లేలోగా ఇస్తే చాలు అని ఫారం నా దగ్గరే ఉంచి వెళ్లింది.

ఆ గడి ఇంకా నింపలేదు. ఆ కాగితం కన్ను బాగుందని చెప్పదని చెల్లెలికి నేను ఇంకా చెప్పలేదు.